నక్క దాణాలో కలిపిన మందు

వాగుకు ఎగువన గుంటయ్య అనే నక్క కోళ్ల షెడ్డు పెట్టింది. దిగువన నీలి అనే గేదె తన దూడతో ఉండేది. ఒకరోజు మేతకని ఎగువకు వెళ్లిన నీలికి, దాణాలో తెల్లపొడి కలుపుతూ నక్క కనబడింది.

"ఏంట్రా అది?"

"క్రిములు చచ్చే మందు, నీలక్కా."

"కోళ్లకి ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదు. రోజూ కాస్త పెడితే త్వరగా కండ పడతాయి."

"జబ్బు లేకుండా మందేమిట్రా! రేపు నిజంగానే జబ్బొస్తే?"

"నా కోళ్లు, నా దాణా. నీ గడ్డి నువ్వు మేసుకో" అని నక్క తోక ఊపుకుంటూ లోపలికి పోయింది.

వానలు పడ్డాయి. షెడ్డులోని పెంటంతా వాగులోకి కొట్టుకొచ్చింది. ఆ నీళ్లు తాగిన దూడకి విరేచనాలు పట్టుకున్నాయి. వైద్యం తెలిసిన కొంగ వచ్చి అదే తెల్లమందు వేసింది. మూడు రోజులైనా తగ్గలేదు.

"నా బిడ్డ ఈ మందు ఎన్నడూ ముట్టలేదయ్యా! మరెందుకు పనిచెయ్యదు?" అంది నీలి.

"కోళ్లు రోజూ తిన్నాయి కదమ్మా. వాటి కడుపులో మందుకు చావని క్రిములే మిగిలాయి. చావకుండా బతికే ఆ విద్య ఆ క్రిముల ఒంట్లో చిన్న ఉంగరంలాంటి ముక్కలో ఉంటుంది. ఆ ముక్కకి నకలు తీసి పక్క క్రిమికి అందిస్తాయి. వేరే జాతిదైనా సరే, ఇచ్చేస్తాయి. వాగునీళ్లతో వచ్చి ఇప్పుడు నీ దూడ కడుపులో ఉన్నవి ఆ ముక్క ఉన్నవే."

"ఇంకో మందు వెయ్యి!"

"నా దగ్గరున్నది ఇదొక్కటే, తల్లీ."

నాలుగో రోజు పొద్దెక్కేసరికి దూడ కన్నుమూసింది. నీలి ఏడవలేదు. ఒళ్లు మండిపోతూ కొమ్ములు దించి ఎగువకు పరుగెత్తింది. షెడ్డు తడికలు కుమ్మి కూల్చింది. దాణా తొట్లు తొక్కి నుజ్జు చేసింది. కోళ్లన్నీ అడవిలోకి పారిపోయాయి. నక్క పరుగు తీసింది కానీ, ఇనప కంచెలో చిక్కి కాలు చీరుకుపోయింది.

వారం తిరిగేసరికి గాయానికి చీము పట్టింది. నక్క కుంటుకుంటూ వస్తే కొంగ తెల్లమందు వేసి చూసింది. గుణం లేదు.

"ఇవి పుండులో క్రిములయ్యా, కోళ్ల కడుపులోవి కావుగా!" అని నక్క గోలపెట్టింది.

"జాతి వేరే. ఆ ముక్క మాత్రం వీటికీ అందింది. ఇక కాలు తీసెయ్యాలి."

నక్క అక్కడే మేస్తున్న నీలి వైపు తిరిగింది. "నీలక్కా, ఇంకేదైనా మందు చూడమని నువ్వైనా చెప్పు!"

"నేనూ అడిగానురా, నా బిడ్డ కోసం!" అంది నీలి. "ఉన్న ఒక్క మందునీ కోళ్ల కండ కోసం తగలేశావు. నీకు పోయేది కాలు. నాకు పోయింది బిడ్డ. రెండూ ఒకటనుకోకు!"

నక్క తలదించుకుని కొంగ ముందు కాలు చాపింది.

నీతి: అందరి ప్రాణాలు కాపాడే మందును తన లాభానికి పాడుచేసినవాడు, తన ప్రాణానికీ మందు లేకుండా చేసుకుంటాడు.