మూరెడు ఎత్తు

శరభయ్య కోపంతో వణికిపోతున్నాడు. నెల రోజులు తిండీ నిద్రా మాని వేసిన చిత్రం అది. ఎవరి గౌరవార్థం వేశాడో ఆ మనిషే దానిని కాదు పొమ్మన్నది.

ఆమె పేరు ఓబుళమ్మ. కర్నూలులో బస్సు కండక్టరు. ఎడమ రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగి ఏడాదైనా తిరగకుండానే టిక్కెట్ల సంచి మళ్లీ భుజాన వేసుకున్నది. ఆ మొండితనానికి ముచ్చటపడి తోటి ఉద్యోగులు ఆమె నిలువెత్తు చిత్రాన్ని శరభయ్య చేత వేయించారు. శనివారం దానిని డిపోలో ఆవిష్కరించాలి. అతడు ఆమె పాత ఫోటో ఒకటి తెప్పించుకుని, ఎడమచేతిని ఆకాశానికెత్తి దీపం పట్టుకున్నట్టు, పెదవులపై చిరునవ్వు చెదరనట్టు చిత్రించాడు.

ముందుగా చూద్దామని అతని ఇంటికి వచ్చిన ఓబుళమ్మ ముఖం బొమ్మను చూడగానే కందగడ్డ అయింది.

"ఎవరప్పా ఈమె? చిల్లర లేదన్నోన్ని చూసి గూడా ఇట్లే నవ్వుతాదా?"

దానిని డిపోలో తగిలిస్తే తన చేతులతోనే పీకి పారేస్తానని చెప్పి, పోయి బయట అరుగుమీద కూర్చున్నది.

శరభయ్య విసవిసా లోపలి గదిలోకి నడిచాడు. అక్కడ అతని గురువు వహాబ్ ఉస్తాద్ కుంచెలు కడుగుతున్నాడు. ఆమెకు కళ తెలియదనీ, కృతజ్ఞత అసలే తెలియదనీ, శనివారం నలుగురిలో తన పరువు గంగలో కలుస్తుందనీ శిష్యుడు ఏకరువు పెట్టాడు.

"దేవతను చేశాను ఉస్తాద్. ఇంకేం కావాలట?"

ఉస్తాద్ చేతులు తుడుచుకుని, ఓబుళమ్మను లోపలికి పిలిపించాడు. ఆపరేషను అయ్యాక ఎడమచేయి ఎంతవరకు లేస్తుందో, కష్టం కాకపోతే, ఒక్కసారి చూపమని మెల్లగా అడిగాడు.

ఆమె విసుక్కుంటూనే గోడకు ఎదురుగా నిలబడింది. ఆసుపత్రిలో నేర్పిన పద్ధతి ప్రకారం వేళ్లను సాలీడు కాళ్లలా గోడమీద పైకి పాకించసాగింది. చేయి భుజం ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. ఆమె పళ్లు బిగించింది. కణత మీద నరం ఉబికింది. జబ్బునూ, గోడనూ, పరామర్శకు వచ్చి 'నీకేమమ్మా, ధైర్యస్థురాలివి' అని మెచ్చుకుని పోయిన చుట్టాలనూ ఒక్క ఊపిరిలో తిట్టింది. వేళ్లు ఇంకో రెండంగుళాలు పాకాయి. అక్కడ చేయి వణకడం మొదలుపెట్టింది.

"ఇంతే," అన్నది. "ఆర్నెల్లకు ఇంత."

ఆమె నడివేలి కొస దగ్గర ఉస్తాద్ బొగ్గుతో సన్నని గీత గీశాడు. ఆపైన ఆ నిలువెత్తు చిత్రాన్ని తానే మోసుకొచ్చి, ఆమె పక్కనే గోడకు ఆనించాడు. బొమ్మలోని చేయి ఆ గీతకు మూరెడు పైన ధగధగలాడుతున్నది.

"ఈ మూరెడు ఎవరు ఎత్తారు, శరభా?"

శరభయ్య గీతను చూశాడు. బొమ్మను చూశాడు. ఫోటోలో లేని ఆ నరాన్ని చూశాడు. చిత్రాన్ని గోడవైపు తిప్పి పెట్టి, కొత్త కాగితం పరచి, గురువు చేతిలోని బొగ్గుముక్క అందుకున్నాడు. అందుకున్నాడే గాని చేయి సాగలేదు.

ఓబుళమ్మ ఇంకా చేయి దించలేదు.

"చూస్తా నిలబడితే ఎట్లప్పా? చెయ్యి పీకుతాంది. గియ్."