కొండ్రుపేట కూర్చున్నమ్మ చరిత్ర

కొండ్రుపేట బస్టాండులో దిగి పొగాకు కంపెనీల వీధిలోకి తిరిగితే, ఎడమచేతి పక్కన ఎర్ర పెంకుల కప్పుతో, పొడవాటి వసారాతో ఒక ఇల్లు కనిపిస్తుంది. గుమ్మం మీద 'కొండ్రుపేట ఉద్యోగినుల పౌర సేవా సంఘం' అని రాసి ఉంటుంది. ఆ పేరు చెప్పి అడిగితే ఊళ్ళో ఎవరూ దారి చూపించలేరు. కూర్చున్నమ్మ గుడి అంటే మాత్రం ఆటో అబ్బాయి మారు మాట్లాడకుండా ఎక్కించుకుంటాడు. ఇది గుడి కాదనీ, సంఘం ఆఫీసనీ మేము చాలాకాలం చెప్పి చూశాం. చెప్పి చెప్పి విసిగిపోయి, ఇప్పుడు మేమూ గుడి అనే అంటున్నాం.

లోపల పెద్ద గది. గది నిండా కుర్చీలు, గోడల వెంట బెంచీలు. తూర్పు గోడకున్న గూటిలో నల్లరాతి అమ్మ కొలువై ఉంది. ఆ తల్లి చేతుల్లో శూలం లేదు, పద్మం లేదు, అభయహస్తం కూడా లేదు. వీపు గోడకు ఆనించి, కాళ్ళు బారజాపుకుని, చేతులు ఒళ్ళో వదిలేసి కూర్చుని ఉంటుంది. పక్కన దించుకున్న గంప ఉంటుంది. అమ్మవార్ల ముఖాన కరుణ, వీరం ఉట్టిపడుతున్నాయని పుస్తకాల్లో రాస్తుంటారు. మా అమ్మ ముఖంలో కనిపించేది 'అమ్మయ్య' అనుకోవడం ఒక్కటే. చూడగా చూడగా మనకూ అదే అనిపిస్తుంది.

ఇక్కడ అర్చకులు లేరు. ఏ వారం ఎవరి వంతైతే ఆమే పూలు మారుస్తుంది. దర్శనానికి వచ్చినవారు అమ్మ ఏ దేవత అవతారమనీ, ఆడకూతురు అలా కాళ్ళు చాపుకోవడం ఏమిటనీ, అయ్యవారు ఎక్కడున్నారనీ అడుగుతుంటారు. రోజూ నోటితో చెప్పలేక ఈ చిన్న పుస్తకం వేయించాం. రాసే పని నామీద పడింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి ఖాళీగా ఉంటానని మావాళ్ళ నమ్మకం.

పూర్వం ఇక్కడ పురపాలక సంఘం వారి కాటా గది ఉండేది. సంతకు వచ్చే బస్తాలను ఇక్కడ తూచేవారు. తరువాత సంత ఊరి బయటికి తరలిపోయింది. కాటా తుప్పు పట్టింది, గది గబ్బిలాల పాలైంది.

ఆ రోజుల్లో కొండ్రుపేటలో పనిచేసే ఆడవాళ్ళకు పని ఉండేది గానీ కూర్చునే చోటు ఉండేది కాదు. ఇది అతిశయోక్తి కాదు. పొగాకు కంపెనీలో ఆకు ఏరే ఆడవాళ్ళు సాయంత్రం బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడేవారు. బస్టాండులో బెంచీలు మగవాళ్ళవి. హోటల్లో ఆడవాళ్ళు ఒంటరిగా కూర్చుంటే ఊరంతా చెప్పుకునేది. డ్యూటీ దిగిన నర్సులు, బడి వదిలాక పంతులమ్మలు, టెలిఫోన్ ఆఫీసు అమ్మాయిలు అందరిదీ ఇదే కథ. పని నుంచి ఇంటికి, ఇంట్లో మళ్ళీ పనికి. మధ్యలో నడక.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసే వల్లూరి దుర్గాంబ గారికి ఈ సంగతి మనసులో ముల్లులా గుచ్చుకునేది. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు మేరీ సుగుణ గారు ఆమెకు ప్రాణ స్నేహితురాలు. పొద్దస్తమానం నిలబడి వాచిపోయిన కాళ్ళు ఆసుపత్రికి ఎన్ని వస్తాయో మేరీ సుగుణ గారికి తెలుసు. వాళ్ళతో కలిసిన మూడో మనిషి నాగేంద్రం. సీజనులో కంపెనీలో ఆకు ఏరేది. మిగతా రోజుల్లో పురపాలక అధ్యక్షులు రావినూతల పున్నయ్య గారింట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

ఈ ముగ్గురూ వెళ్ళి అడగ్గా, పున్నయ్య గారు కాటా గదిని 'ప్రస్తుతానికి' ఇచ్చారు. ఆడవాళ్ళు గబ్బిలాలను వెళ్ళగొట్టి, సున్నం కొట్టి, ఇళ్ళలో మూలపడిన కుర్చీలు తెచ్చి వేశారు. సంఘం పుట్టింది. కంపెనీల వీధికి దీపాలు వేయించింది, బస్టాండులో మంచినీటి కుళాయి పెట్టించింది, కంపెనీ పని వదిలే వేళకు బస్సు ఆగేలా చేసింది. పున్నయ్య గారు కూడా మెచ్చుకున్నారు.

అయితే ఆఫీసర్లు కొందరు తాము పేకాడుకోవడానికి క్లబ్బు లేదని అధ్యక్షుల వారి చెవిలో ఊదారు. కాటా గది అయితే బాగుంటుందన్నారు. పున్నయ్య గారు చెడ్డవారు కారు. ఎవరు చివరగా మాట్లాడితే వాళ్ళ మాటే నిజమనిపించే స్వభావం, అంతే. "నేనే వచ్చి చూస్తాను. ఆడవాళ్ళకు నిజంగా ఉపయోగపడుతుంటే ఉంచుతాను, లేకపోతే లేదు" అన్నారు.

ఆ కబురు తెలిసి సంఘం మొత్తం హడలిపోయింది. గది పోతే మళ్ళీ రోడ్డు పక్కనే. ఎలాగైనా అధ్యక్షుల వారిని మెప్పించాలనుకున్నారు. ఇక్కడే మా పెద్దలు ఒక పొరపాటు చేశారు. అటువంటి పొరపాటు పనిచేసే ఆడవాళ్ళు తప్ప లోకంలో మరొకరు చేయలేరు.

ఆయన వచ్చే సాయంత్రానికి ఒక్కామె కూడా కుర్చీలో లేదు. ఒకరు వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. ఒకరు పెరట్లో పొయ్యి రాజేసి బజ్జీలు వేస్తున్నారు. ఒకరు కాఫీ డికాషను దించుతున్నారు. పంతులమ్మలు కిటికీలు తుడుస్తున్నారు, నర్సులు గ్లాసులు కడుగుతున్నారు. దుర్గాంబ గారు గుమ్మంలో దండ పట్టుకుని నిలబడ్డారు. పున్నయ్య గారు వచ్చారు. ఖాళీ కుర్చీల మధ్య ఒక్కరే కూర్చున్నారు. బజ్జీలు తిన్నారు, కాఫీ తాగారు, చుట్టూ చూశారు.

"గది అద్దంలా ఉంది. కాఫీ అమోఘం. కానీ ఇక్కడ కూర్చునేవాళ్ళెవరూ కనపడరేం దుర్గాంబ గారూ?" అన్నారు.

"అందరం ఉన్నామండీ. పనిలో ఉన్నాం" అన్నారు దుర్గాంబ గారు.

"అదే నేననేది. పనికైతే పెరడు చాలుగా" అని ఆయన లేచారు. సోమవారం సాయంత్రం గదిని ఆఫీసర్లకు అప్పగించమన్నారు. వెళుతూ వెళుతూ, మనస్ఫూర్తిగా, ఆఫీసర్ల క్లబ్బుకు కూడా ఈ బజ్జీలు మీరే వేసి పెడితే బాగుంటుందన్నారు.

ఆయన వెళ్ళాక నాగేంద్రం చేతిలో చీపురు విసిరికొట్టి, "మన చేతులారా మనమే ఊడ్చుకున్నాం గదమ్మా" అని బావురుమంది.

మేరీ సుగుణ గారికి అమ్మ సాక్షాత్కారం జరిగింది ఆ మరునాడే. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పట్టపగలు పడుకున్నారు. కల వచ్చింది. కలలో ఆమె ఈ గదిలోనే ఉన్నారు. గుమ్మంలో ఒక ఆడమనిషి నెత్తిన గంపతో నిలబడి ఉంది. ముక్కున చెమట, పాదాల నిండా దుమ్ము.

"కాసేపు కూర్చోవాలమ్మా" అంది.

"రామ్మా, కూర్చో" అని చెప్పి, మేరీ సుగుణ గారు మంచినీళ్ళు తేవడానికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఆ మనిషి నిలబడే ఉంది. కుర్చీ దుమ్ముగా ఉందేమోనని కుర్చీ తుడిచారు. అయినా కూర్చోలేదు. కాఫీ కలిపి తెచ్చారు. నెత్తిన గంపతో అలాగే నిలబడి ఉంది.

"కుర్చీలన్నీ నీవే కదమ్మా, ఇంకా ఎందుకు నిలబడ్డావు?" అని అడిగారు.

ఆ మనిషి జాలిగా చూసింది. "నువ్వు ఇటూ అటూ తిరగతావుంటే నేనెట్టా కూర్చునేది తల్లీ?" అంది.

మేరీ సుగుణ గారు చేతిలో గ్లాసు కింద పెట్టి కూర్చున్నారు. అప్పుడు ఆ మనిషి గంప దించి, గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి కూర్చుంది. ఆమె కూర్చోగానే గది చల్లబడిందనీ, తనకు ప్రాణం లేచొచ్చినట్లయిందనీ మేరీ సుగుణ గారు చెప్పేవారు. కళ్ళు తెరిచి, నలిగిన చీర కూడా మార్చుకోకుండా దుర్గాంబ గారింటికి పరుగెత్తారు.

"దుర్గా, మనం ఏమీ చెయ్యొద్దు. సోమవారం అందరం పోయి కూర్చుందాం, అంతే" అన్నారు.

చెప్పినంత తేలిక కాదు అది. సోమవారం సాయంత్రం అందరూ వచ్చారు. సెలవులో ఉన్నవాళ్ళు వచ్చారు, పసిబిడ్డల తల్లులు వచ్చారు. కుర్చీలు, బెంచీలు నిండిపోయాయి. మిగిలినవాళ్ళు నేలమీద కాళ్ళు చాపుకున్నారు. ముగ్గు లేదు, పొయ్యి వెలిగించలేదు. నినాదాలు కూడా లేవు. కానీ ఏ పనీ లేకుండా కూర్చోవడం ఎవరికీ చేతకాలేదు. ఒకామె పక్కామె జడ విప్పి మళ్ళీ వేయబోయింది. ఒకామె కొంగుతో బెంచీ తుడుస్తూనే ఉంది. కుక్కరు లేని ఆ రోజుల్లో ఇంట్లో అన్నం సంగతి తలుచుకుని సగంమంది తల్లడిల్లారు. నాగేంద్రం చేతులు రెండూ పిరుదుల కింద పెట్టుకుని మరీ కూర్చుంది.

పున్నయ్య గారు ఆఫీసర్లను వెంటబెట్టుకుని లోపలికి వచ్చారు.

పెద్దమనిషి వస్తే ఆడవాళ్ళు లేచి నిలబడడం ఊరి మర్యాద. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. గదిలో చీరలన్నీ ఒక్కసారి కదిలాయి. దుర్గాంబ గారి మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. మేరీ సుగుణ గారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఎవరూ లేవలేదు. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లను, కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను.

ఆయన కూర్చోవడానికి కుర్చీ లేదు. ఆఫీసర్లకూ లేదు. కాఫీ వస్తుందేమోనని పెరటి వైపు చూశారు. రాలేదు. కాసేపు ఈ కాలు మీద, కాసేపు ఆ కాలు మీద నిలబడ్డారు. గదంతా కలయజూస్తుంటే ఆయన చూపు నాగేంద్రం మీద ఆగింది.

"నాగేంద్రం! నువ్వా? ఇన్నేళ్ళుగా మా ఇంట్లో చేస్తున్నావు. నువ్వు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదే" అన్నారు.

"మీరు వచ్చేసరికి లేస్తాం గదయ్యా" అంది నాగేంద్రం. "ఇంక మీరు చూసేదెట్టా?"

ఆఫీసర్లలో ఒకాయన దగ్గాడు. చాలాసేపు అలాగే నిలబడి, చివరికి పున్నయ్య గారు, "కూర్చోండమ్మా, కూర్చోండి" అని, లేవని వాళ్ళను కూర్చోమని చెప్పి బయటికి నడిచారు. ఆ తరువాత జరిగిన పురపాలక సమావేశంలో 'ప్రస్తుతానికి' అన్న మాట తీసేసి గదిని సంఘానికే ఇప్పించారు. ఆఫీసర్లు వేరే చోటు చూసుకున్నారు. సుఖంగానే పేకాడుకున్నారని విన్నాం.

అమ్మ విగ్రహాన్ని మేరీ సుగుణ గారు చెప్పిన పోలికలతో చెక్కించారు. ఆమె క్రైస్తవురాలు కదా, కలలోకి వచ్చింది ఎవరని అడిగితే, "ఎవరో నాకు తెలియదు. గంప మాత్రం చాలా బరువుగా ఉంది" అనేవారు. ప్రతిష్ఠ రోజున మేరీ సుగుణ గారు కొవ్వొత్తి పెట్టారు, నాగేంద్రం కొబ్బరికాయ కొట్టింది. అయ్యవారి సంగతి మాకు ఇప్పటికీ తెలియదు. ఇంటి దగ్గర వంట చేస్తుంటారని మాలో కొందరి అభిప్రాయం.

నాటి నుంచి ఇక్కడ ఒక ఆచారం నడుస్తోంది. సాయంత్రం వచ్చిన ప్రతి స్త్రీ ముందు కూర్చోవాలి. గదిలో ఒక్కరు నిలబడి ఉన్నా అమ్మకు దీపం వెలిగించరు. ఏటా వార్షికోత్సవానికి పురపాలక అధ్యక్షులు స్వయంగా వచ్చి కూర్చున్నవారందరికీ కాఫీలు అందిస్తారు. మొన్నటి ఎన్నికల్లో ఆ పదవికి ఒక స్త్రీ వచ్చేసరికి ధర్మసందేహం కలిగింది. ఆమె కూడా పనిచేసే మనిషే కాబట్టి కూర్చోవాలనీ, కాఫీలు భర్త గారు అందించాలనీ తీర్మానించాం. పాపం, ఆయన ఒక్క చుక్క ఒలకకుండా అందించారు.

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళు మొదటి రోజు ఇక్కడికి వచ్చి కాసేపు కూర్చుని వెళతారు. రిటైరైనవాళ్ళు ఆఖరి రోజున వస్తారు. అమ్మ దగ్గర కూర్చుంటే మోకాళ్ళ నొప్పులు పోతాయని కొందరు రాయమన్నారు. అవి పోవు. మేరీ సుగుణ గారు ఉంటే ఆసుపత్రికి పొమ్మనేవారు. కానీ ఇక్కడ కూర్చుని లేచిన మనిషి నడక తేలికవుతుంది, మాట నెమ్మదిస్తుంది, ఆ రోజుకు ఇంట్లోవాళ్ళ మీద కోపం తగ్గుతుంది. ఇది మేమందరం అనుభవించి రాస్తున్న ఫలం.

మొన్న వానాకాలంలో ఆర్టీసీలో కండక్టరుగా చేరిన పద్మలత అనే అమ్మాయి మొదటిసారి వచ్చింది. ఖాకీ చొక్కా తడిసిపోయి ఉంది. "ఫర్లేదండీ, నాకు నిలబడ్డం అలవాటే" అంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. దీపం వెలిగించకుండా అందరం ఊరికే కూర్చున్నాం. గదిలో చీకటి ముసురుకుంది. చాలాసేపటికి ఆ పిల్ల మెల్లగా వచ్చి బెంచీ అంచున కూర్చుంది. మరికాసేపటికి వెనక్కి జరిగి వీపు ఆనించింది. బూట్లు విప్పి కాళ్ళు చాపింది.

"ఎంతసేపు కూర్చోవచ్చండీ?" అని అడిగింది.

"లేవాలనిపించేదాకా" అన్నాను.

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. దీపం వెలిగించాం.