ఎలుగన్న అప్పీలు, కాకి సాక్ష్యం

వాగు మలుపు తిరిగే చోట ఒక ఇసుకతిన్నె ఉంది. ఎండలు ముదిరి నీళ్ళు సన్నబడ్డాయంటే చాలు, అడవిలోని జంతువులన్నీ సాయంత్రానికి అక్కడ చేరి చెడుగుడు ఆడేవి. ఆటన్నాక గొడవలుంటాయి కదా! అందుకని ముంగిసమ్మను కాపరిగా పెట్టుకున్నాయి. గీత దాటిందెవరో, గిల్లిందెవరో చూసి, తప్పు చేసినవాళ్ళను కొన్నాళ్ళు బయట ఉండమనడం ఆమె పని.

ఎలుగన్న ఈ గట్టు జట్టుకు పెట్టని కోట. వాడు పట్టు పడితే విడిపించుకున్నవాళ్ళు లేరు. అయితే ఎలుగుబంటి గోళ్ళు పిల్లి గోళ్ళలా లోపలికి ముడుచుకోవు. అందుకే వాడు ఆటకు ముందు పాదాలకు మోదుగాకులు చుట్టుకుని తీగతో బిగించుకునేవాడు. ముంగిసమ్మ ఒక్కొక్క కట్టూ లాగి చూశాకే బరిలోకి దిగాలి.

ఒకరోజు ఆట మధ్యలో దుప్పి కెవ్వుమంది. డొక్కలో గీరుకుపోయి నెత్తురు కారుతోంది. ముంగిసమ్మ కీచుమని అరిచి ఆట ఆపింది. చూస్తే ఎలుగన్న ముందు కుడి పాదం కట్టు చిరిగి, గోళ్ళు బయటపడి ఉన్నాయి.

"గోరు తగిలించావు ఎలుగన్నా. నెల రోజులు బరిలోకి రాకు."

"నేను కాదమ్మా! కింద పడ్డప్పుడు ఆకు చిరిగింది. దుప్పిని నేను ముట్టుకోనేలేదు!"

"అలాగైతే అప్పీలు పెట్టుకో. ఇక్కడ వాదన వద్దు."

పన్నెండో నాడు ఆవలిగట్టు జట్టుతో పందెం. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆట. అది పోతుందన్న దిగులు ఒకటైతే, కుందేలు పిల్లలు తనను చూసి "అదుగో గోళ్ళవాడు" అంటూ పక్కకు తప్పుకోవడం మరొకటి. గోరుచుట్టుపై రోకటిపోటంటే ఇదే.

అప్పీలంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. తీర్పు నచ్చనివాళ్ళు మూడు రోజుల్లోగా వాగు ఒడ్డునున్న పెద్ద బండ పక్కన తడిమన్నులో తమ అడుగు ముద్ర వేయాలి. జరిగింది తమ నోటితో తామే చెప్పుకోవాలి. చూసినవాళ్ళుంటే సాక్ష్యం పలకొచ్చు. వినేది మాత్రం తీర్పిచ్చిన కాపరి కాదు, కాడి దించి అడవి చేరిన ముసలి ఎద్దు తాత. ఎందుకలాగంటే, వండినవాళ్ళనే పిలిచి కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, సరిపోయిందనే అంటారు. రుచి చూడ్డానికి వేరే నాలుక కావాలి.

ఎలుగన్న ముద్ర వేసి వస్తుంటే నక్క మామ ఎదురుపడ్డాడు.

"రేపు ఏం చెబుతావురా అల్లుడూ?"

"జరిగిందే చెబుతా మామా. ఆకు చిరిగింది, నేను గీరలేదు."

నక్క మామ పకపకా నవ్వాడు. "ఓరి అమాయకుడా! బయటపడ్డ గోళ్ళు చూశారు, కారిన నెత్తురు చూశారు. ఇక నీ మాట ఎవడు నమ్ముతాడు? నీ నిజం మరీ బక్కగా ఉందిరా. దానికి కాస్త కండ పట్టించాలి."

"ఎలాగ?"

"ముంగిసమ్మ అప్పుడు కునుకు తీస్తోందని చెప్పు. నిద్రపోయేదాని తీర్పు ఏం తీర్పు? నేనూ చూశానని కాకి అంటుంది. మా ఇద్దరికీ కలిపి ఒక్క తేనెపట్టు, అంతే."

"ఆమె నిద్రపోలేదు కదా మామా?"

"నువ్వు గీరావా?"

"లేదు."

"మరి నీకు అన్యాయం జరిగినట్టా, కాదా? న్యాయం కోసం ఆడితే అది అబద్ధం కాదురా పిచ్చోడా!"

ఎలుగన్న తల అడ్డంగా ఊపబోయాడు. కానీ పందెం గుర్తొచ్చింది, కుందేలు పిల్లలు గుర్తొచ్చాయి. చెప్పుడు మాటలు చేటే గాని, వినేటప్పుడు తీపిగానే ఉంటాయి. సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే అందరూ బండ దగ్గర చేరారు. ఎద్దు తాత నెమరు ఆపి, "చెప్పు నాయనా" అన్నాడు.

"నేను గీరలేదు తాతా. కింద పడ్డప్పుడు కట్టు చిరిగింది."

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! వెనకనుంచి నక్క మామ దగ్గాడు.

"ఇంకా... అప్పుడు ముంగిసమ్మ నిద్రపోతోంది తాతా."

"అవునవును, నేను చూశాను. గుర్రు కూడా పెట్టింది!" అంది కాకి.

ముంగిసమ్మ ఎలుగన్న వైపు ఒక్కసారి చూసింది. ముందుకొచ్చి ఒక ముళ్ళకొమ్మ బండ మీద పెట్టింది.

"నిన్న బరి అంచు వెంబడి మళ్ళీ వెతికాను తాతా. రేగుకంపలో ఇది దొరికింది. ముల్లుకు దుప్పి వెంట్రుకలున్నాయి, ఎండిన నెత్తురుంది. గీరింది ముల్లు. చిరిగిన కట్టు చూసి నేనే తొందరపడ్డాను. తప్పు నాది. ఎలుగన్న మీద వేసిన నింద తీసేయండి."

ఒళ్ళంతా అంత బొచ్చున్నా, ఎలుగన్నకు నలుగురిలో బట్టలూడినట్టయింది.

"నింద తీసేశాను" అన్నాడు ఎద్దు తాత. "మరి ఆ నిద్ర సంగతి తేలాలి. దుప్పీ, నీకు దెబ్బ తగిలినప్పుడు ఆట ఆపిందెవరమ్మా?"

"ముంగిసమ్మే తాతా. నేను కెవ్వుమన్న మరుక్షణం ఆపింది. పసరు పిండి కట్టిందీ ఆమే."

"కాకీ, గుర్రు పెట్టింది ఏ చెట్టు కింద?"

"నేనింకా తేనె ముట్టనే లేదు తాతా!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కాకి అలా అనేసరికి అందరూ గొల్లుమన్నారు. ఎలుగన్నకు మాత్రం నవ్వు రాలేదు.

"అబద్ధం తాతా" అన్నాడు మెల్లగా. "నక్క మామ చెప్పమన్నాడు. అందుకు తేనెపట్టు ఇస్తానన్నాను."

"చెప్పమన్నది నక్క. చెప్పిన నోరెవరిది?"

"నాదే."

"అప్పీలు నీ హక్కు నాయనా. కాపరులూ పొరబడతారు, అందుకే ఈ బండ ఉంది. నీ మీద పడ్డ తప్పు దించుకోవడానికొచ్చి, ఆమె చెయ్యని తప్పు ఆమె మీద మోపావు. దానికి ఇరవై రోజులు బయట ఉండు. నక్కా, కాకీ ఇకమీదట ఎవరి తరఫునా ఇక్కడ నోరు విప్పకూడదు. ఈ తీర్పు నచ్చకపోతే మళ్ళీ మూడు రోజుల గడువుంది. ఈసారి నేను కాదు, ఏనుగమ్మ వింటుంది."

పందెం పన్నెండో నాడే. ఇరవై రోజులంటే లెక్క తెలిసిపోయింది.

అందరూ వెళ్ళాక ముంగిసమ్మ దగ్గరికి వచ్చింది.

"నేను నిద్రపోయానని నువ్వు నిజంగా అనుకున్నావా ఎలుగన్నా?"

"లేదమ్మా."

"అదొక్కటే అడుగుదామనుకున్నాను" అని ఆమె వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది వాడికి.

మూడో రోజు సాయంత్రం నక్క మామ మళ్ళీ వచ్చాడు. "నేను మాట్లాడకూడదు గాని నీకు నేర్పకూడదని లేదుగా! గడువు ఇంకా ఒక పూట ఉంది. ఏనుగమ్మకు కొత్త మాట ఒకటి అల్లిపెట్టనా అల్లుడూ?"

"వద్దు మామా" అన్నాడు ఎలుగన్న తలెత్తకుండానే. "మొదటి తీర్పు తప్పు. అప్పుడు నిజం చెబితే సరిపోయేది. ఈ తీర్పు సరైందే. దీనికి అప్పీలు ఏమని పెట్టను?"

తేనెపట్టు దక్కక, చెప్పిన మాట చెల్లక, నక్క మామ తోక ముడుచుకుని పొదల్లోకి జారుకున్నాడు.

నీతి: నిజానికి అబద్ధాన్ని తోడు పంపితే, అది నిజాన్ని గెలిపించదు, చెప్పినవాడిని తలదించుకునేలా చేస్తుంది.