గిలక మీద రాజుగారు

ఒకానొక రాజ్యంలో గజసింహుడనే రాజుండేవాడు. పట్టాభిషేకమైన రాజు పాదం మెట్టు తాకరాదని ఆ వంశాచారం. అందుకని ప్రతి సాయంత్రం ఆయన గాలి పీల్చుకోవడానికి బోయీలు పల్లకిలో కోట బురుజు మీదికి మోసుకెళ్ళేవారు. పక్కనే స్తోత్రాలు చదువుతూ ఆస్థాన విదూషకుడు అక్కిభట్టు మెట్లెక్కేవాడు. పొగిడి పొగిడి అతని గొంతు, ఎక్కి ఎక్కి మోకాళ్ళు అరిగిపోయాయి. బోయీల భుజాలు చూస్తే మాత్రం తన మోకాళ్ళ సంగతి ఎత్తడానికే సిగ్గేసేది.

ఒకరోజు పెద్ద బోయీ పోలయ్య మెట్ల మీద కూలబడ్డాడు.

"ఇంక నావల్ల కాదు సామీ" అన్నాడు.

అక్కిభట్టు రాజు దగ్గరికెళ్ళి, "ప్రభూ, బురుజు మీద దూలం వేసి, గిలకలు కట్టి, మోకుతో లాగితే ఇంత అవస్థ ఉండదు" అన్నాడు.

రాజు మీసం దువ్వాడు. "గిలక మీద ఎక్కేది నీళ్ళ బొక్కెన. మమ్మల్ని ఎత్తడానికి ఎనిమిది మంది చాలడం లేదు, అదే మా ఘనత. ఒకే ఒక్కడు మమ్మల్ని పైకి చేర్చగలిగితే పల్లకి మాన్పిస్తాం. లేదంటే రేపటి నుంచి పోలయ్య బదులు పల్లకి నువ్వే మొయ్యాలి."

అక్కిభట్టుకు వాదించే ఓపిక కూడా లేదు. సరేనన్నాడు.

మర్నాడు బురుజు మీది దూలానికి ఒక గిలక, రాజు కూర్చునే ఉయ్యాల బల్లకు ఒక గిలక కట్టించాడు. మోకు ఒక కొసను దూలానికి ముడివేసి, బల్ల గిలక కిందుగా, దూలం గిలక మీదుగా తిప్పి, రెండో కొసను రాజు చేతికిచ్చాడు.

"ఇది మాకెందుకు?"

"ప్రభువుల ప్రాణం వేలాడే తాడు. ఇంకొకడి చేతికి ఎలా ఇమ్మంటారు? బిగువుగా ఉందో లేదో ఒకసారి లాగి చూడండి."

రాజు లాగాడు. బల్ల నేల విడిచింది. ముచ్చటేసి మళ్ళీ లాగాడు. మూడు మూరల తాడు లాగితే ఒక మూర ఎక్కుతున్నాడు. సగం దూరం వెళ్ళేసరికి ఆయాసం మొదలైంది గాని, కింద జనం చూస్తూంటే ఆగడం నామోషీ. చెమటలు కక్కుతూ బురుజు మీదికి చేరి, కిందికి వంగి అరిచాడు.

"ఏడీ నీ ఒక్కడు?"

"ఇప్పుడే పైకి చేరాడు ప్రభూ. తమను ఎత్తగలిగినవాడు రాజ్యంలో తమరొక్కరే."

రాజు ఎర్రగా కందిన అరచేతులు చూసుకున్నాడు. "ఇంత బరువా మేము?"

"తమ చేతుల మీద పడింది మూడో వంతే. తక్కిన భారం గిలకలూ దూలమూ చూసుకున్నాయి. బోయీలకు అవి లేవు ప్రభూ."

రాజు కింద నిలబడ్డ బోయీల వంక చూశాడు. తరువాత పగలబడి నవ్వాడు. పల్లకిని అటకెక్కించమన్నాడు.

"బహుమానం పుచ్చుకుందువు గాని, పైకి రా భట్టూ."

"మోకాళ్ళు రానంటున్నాయి ప్రభూ. దయచేసి బహుమానాన్నే కిందికి పంపించండి."

రాజు నవ్వుతూనే బల్లను కిందికి దింపించి, మోకు కొస తానే అందుకున్నాడు. పోలయ్య అక్కిభట్టును బల్ల మీద కూర్చోబెట్టాడు. పైన రాజు లాగుతున్నాడు. బురుజు సగానికి చేరకముందే అక్కిభట్టు నిద్రపోయాడు.