స్టూలు మీది గొంతు

"ఒప్పుకోలేదు. మళ్ళా ఒప్పుకోలేదు" అన్నాడు ఓబులేసు. ఎవరితోనూ కాదు, గోడతో.

ఒప్పుకోనిది అరచేతిలో పట్టేంత నల్లడబ్బా. హార్డ్ డిస్క్. ల్యాప్‌టాప్‌లో ఉన్నవాటికి ఇంకో నకలు దాచుకుందామని ఎప్పుడో కొన్నది. ఇప్పుడు దాన్ని ఫార్మాట్ చేయాలి, అంటే లోపలున్నదంతా తుడిచి కొత్త పలకలా చేయాలి. పొద్దున్నుంచీ ఆ పని మీదే ఉన్నాడు. నొక్కిన ప్రతిసారీ తెర మీద ఒకటే మాట: ఈ డిస్క్ వాడుకలో ఉంది, ఫార్మాట్ చేయడం కుదరదు.

వైరు రెండు కొసలూ గట్టిగా అదిమి చూశాడు, పీకితే ఉన్నది కూడా పాడవుతుందేమోనని పీకలేదు. డబ్బాను ఎడమవైపు నుంచి కుడివైపుకు జరిపాడు. తెర మీద తెరిచి ఉన్నవన్నీ మూసేశాడు, పాట తప్ప. డబ్బాను ఊది, తుడిచి, కాసేపు చల్లబడనిచ్చి మళ్ళీ నొక్కాడు. చివరికి దణ్ణం కూడా పెట్టాడు. దణ్ణానికి లొంగే రకం కాదది.

మైదుకూరులో ఫోటో స్టూడియో నడిపే మనిషి. ఇలాంటి డబ్బాలు ఎన్నింటినో చూశాడు. ఇంకొకరిదైతే వక్క నములుతూ బాగుచేసి ఇచ్చేవాడే. ఇక్కడ మాత్రం ఆ ధీమా లేదు. ఎందుకో తెలియాలంటే మౌలాలయ్య సంగతి చెప్పాలి.

మౌలాలయ్య తత్వాలు పాడే గురువు. దూదేకుల ఇంట పుట్టాడు. ఆయన దగ్గరికి అన్ని కులాలవాళ్ళూ వస్తారు. పెన్న ఒడ్డున ఆయనకో మఠం ఉంది. మఠమంటే గోపురాలేమీ ఊహించుకోకండి. రేకుల కొట్టం, ముందొక చప్టా, అంతే. పాటలు కాగితం మీద పెట్టే అలవాటు అక్కడ లేదు. గురువు పాడతాడు, శిష్యుడు అందుకుంటాడు. పొద్దు ఉన్నంతసేపూ మఠంలో పాట ఆగకూడదన్నది వాళ్ళ నియమం. కాలం గడిచేకొద్దీ అందుకునేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి పాడటానికి గురువు ఒక్కడే మిగిలాడు.

నిరుడు ఆయన గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు, గొంతును నిలబెట్టలేకపోయారు. ఇప్పుడు ఆయన మాట్లాడితే గాలి వస్తుంది. చెవి దగ్గర పెడితే ఆ గాలిలో ఒకటీ అరా మాట దొరుకుతుంది.

ఆ పోయిన గొంతంతా ఓబులేసు దగ్గర ఉంది. ఏళ్ళ తరబడి ఎదురుగా మైకు పెట్టి ప్రతి పాటా రికార్డు చేశాడు. గురువు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ల్యాప్‌టాప్ తెచ్చి స్టూలు మీద పెట్టి, పాట పెట్టాడు. నియమం తప్పలేదు. వచ్చినవాళ్ళు స్టూలు ముందు కూర్చుని వింటారు, కళ్ళు తుడుచుకుంటారు, స్టూలుకు దణ్ణం పెట్టి పోతారు. వెనక చాప మీద మౌలాలయ్య టీ తాగుతూ ఉంటాడు.

ఆ ల్యాప్‌టాప్ రెండు రోజులుగా లోపల టిక్కు టిక్కుమంటోంది. అది మంచి చప్పుడు కాదని ఓబులేసుకు తెలుసు. లోపలి డిస్క్ చివరికొచ్చింది. రేపు పోతుందో, ఇవాళ పోతుందో, ఈ చరణం ముగిసేలోపే పోతుందో చెప్పలేం. ఆపితే మళ్ళీ తెరుచుకోదేమోనని ఆపడం లేదు. ఫోనులోకి ఎక్కిద్దామంటే నాలుగు పాటలకే నిండిపోయింది. కొత్త డిస్క్ కావాలంటే కడపకు పోవాలి, పోయొచ్చేదాకా ఇది ఉంటుందన్న నమ్మకం లేదు.

దగ్గరున్నది ఈ నల్లడబ్బా ఒక్కటే. దాంట్లోనూ పాత నకలుంది, సగం సగం. కొన్ని పాటలు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. కొత్తగా ఏది ఎక్కించబోయినా మధ్యలో ఆగిపోయి, లోపల తప్పులున్నాయి, ఫార్మాట్ చేయమంటుంది. సరేనని చేయబోతే కుదరదంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఈరమ్మ మజ్జిగ తెచ్చింది. మఠంలో వంట ఆమెదే. నోరూ ఆమెదే.

"ఏమప్పా, తెల్లారిన కాడ్నుంచి దాన్ని బుజ్జగిస్తాండావు. గాలి సోకిందేమో, వేపమండ తెద్దునా?"

"పరాచికాలొద్దు ఈరమ్మా. అయ్య గొంతు పోతాంది."

"అయ్య గొంతు నిరుడే పాయె గదా."

ఓబులేసుకు కోపం వచ్చింది. కోపం వెనకే ఏడుపూ వచ్చింది. తల తిప్పుకుని, మజ్జిగ ముట్టకుండా మళ్ళీ తెరలోకి తల దూర్చాడు. ఈరమ్మ చెంబు అక్కడే పెట్టి పోయింది. పెద్ద మాట అనేశానా అని ఆమెకూ లోపల పీకుతూనే ఉంది.

స్పీకరులో పాట మాత్రం సాగుతూనే ఉంది. ప్రతిసారీ నొక్కే ముందు ఓబులేసు చెవి అటు పారేసి, గొంతు వస్తోంది కదా అని నిబ్బరం కుదిరాకే నొక్కుతున్నాడు. కుదరదని తెర చెప్పగానే మళ్ళీ చెవి పారేస్తున్నాడు. బిడ్డకు జ్వరమొస్తే తల్లి మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుందే, అలా.

ఎండ చప్టా మీదికి వచ్చింది. ఇక చేతకాక ఓబులేసు పోయి గురువు ఎదుట కూలబడ్డాడు.

"అయ్యా, దీన్ని తుడిస్తే గానీ కొత్తది ఎక్కదు. తుడిచినంతసేపూ మీ గొంతు ఆ చచ్చిపొయ్యే ల్యాప్‌టాప్‌లో ఒక్కచోటే ఉంటాది. ఆ నడుమ అది పోయిందా, అంతా పోయినట్టే. పోనీ తుడవకుండా ఉందామా అంటే, రేపో మాపో రెండూ పోతాయి. అసలు తుడవనీదే ఈ డబ్బా. నేనేం జేయాలయ్యా?"

మౌలాలయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, స్టూలు దగ్గరికి నడిచాడు. ల్యాప్‌టాప్, స్పీకరు, నల్లడబ్బా, వాటి మధ్య పేగుల్లా వైర్లు. వంగి అన్నింటినీ చూశాడు. వాటిలో సగానికి ఆయనకు పేర్లు కూడా తెలియవు. స్పీకరులో ఆయన గొంతే పాడుతోంది, పడుచు గొంతు:

*దారి అడిగి వచ్చినోడా, దారిలోనే నిలిచినోడా,*
*కాళ్ళ కింద దారి ఉండగ...*

మౌలాలయ్య చెయ్యి చాచి నల్లడబ్బా వైరు పీకేశాడు.

"అయ్యా! పీకొద్దు!"

ఓబులేసు ఒక్క దూకు దూకాడు. అప్పటికే పాట తెగిపోయింది. మఠంలో ఏ చప్పుడూ లేదు. వంటింట్లో రోలు కూడా ఆగింది.

పోయిందనుకున్నాడు ఓబులేసు. అంతా పోయింది. వంగి చూస్తే ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉంది. టిక్కు టిక్కుమంటూనే ఉంది. పాటలు వరసగా పేర్లతో సహా ఉన్నాయి. మరి పాట ఎందుకు తెగింది?

వైరు గురువు చేతిలో వేలాడుతోంది. ఓబులేసు దాన్ని చూశాడు, స్పీకరును చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. అప్పుడు తెలిసింది. పొద్దున్నుంచీ పాడుతున్నది ల్యాప్‌టాప్‌లోని పాట కాదు. ఈ నల్లడబ్బాలోని పాత నకలు. ఆ పాటల వరసను ఎప్పుడో ఇందులోంచే పేర్చాడు, తర్వాత మరిచిపోయాడు. డిస్క్ వాడుకలో ఉందని తెర చెబుతూనే ఉంది. వాడుతున్నది తనేనని తోచలేదు. తోచినా పాట ఆపేవాడు కాదేమో, ఆ మఠంలో పాట ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఈరమ్మ గడపలోకి వచ్చింది. సంగతి చెప్పించుకుని విన్నది.

"అంటే పట్టుకున్నోడివీ నువ్వే, వదల్లేదని ఏడ్చేదీ నువ్వేనా?"

ఓబులేసు తల గోక్కున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గురువు సంగతి తెలిసే పీకాడో, విని విని విసుగెత్తి పీకాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళకు ఆయన చెప్పలేదు.

మౌలాలయ్య వైరును ఓబులేసు చేతికిచ్చాడు.

తగిలించాడు. ఈసారి పాట పెట్టలేదు. నొక్కాడు. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది తెర. ఓబులేసు గురువు మొహంలోకి చూశాడు. అవునని గానీ కాదని గానీ ఆ మొహంలో ఏమీ లేదు. కళ్ళు మూసుకుని నొక్కేశాడు.

ఒప్పుకుంది. తెర మీద పచ్చటి గీత నత్తలా కదలడం మొదలుపెట్టింది.

సంతోషం ఆ క్షణమే. పాట లేదు గనుక ఇప్పుడు టిక్కు టిక్కు బాగా వినిపిస్తోంది. పాత నకలు ఆ గీత కింద చెరిగిపోతోంది. మిగిలింది ఒక్కటే, అది ఆఖరి ఊపిరి మీద ఉంది. గీత ఆ చివరకు చేరడానికి గంట పట్టొచ్చు, ఆ తర్వాత పాటలన్నీ ఎక్కడానికి ఎంత పడుతుందో. ఒక్క పాట తెరిచి ఒక్క ముక్క వింటే చాలు, ఉందని తెలుస్తుంది. కానీ ప్రాణం మీదికొచ్చిన డిస్కును మళ్ళీ పరిగెత్తించినట్టవుతుంది. అది అతనికి తెలుసు. తెలిసీ చెయ్యి అటే పోయింది.

మౌలాలయ్య ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఒక్కటేనయ్యా. ఉందో లేదో చూస్తా. అయినా మఠంలో పాట ఆగకూడదు గదా, పొద్దింకా ఉండాది."

గురువు తలూపాడు. నిజమే అన్నట్టు. మణికట్టు వదిలి, గోడ దగ్గరికి పోయి మేకుకున్న చిరతలు తీశాడు. ఊదితే దుమ్ము లేచింది. తెచ్చి ఓబులేసు కుడిచేతిలో ఒక జత, ఎడమచేతిలో ఒక జత పెట్టి, వాటి మీద అతని వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు. రెండు చేతులూ నిండాయి.

తర్వాత ఎదురుగా, స్టూలుకు ఇవతల కూర్చుని, తన తొడ మీద తాళం వేస్తూ ఎదురుచూశాడు.

ఓబులేసు ఏనాడూ పాడలేదు. అందరూ గురువు వెంట అందుకుంటుంటే అతను మైకు ముందు వంగి, తన గొంతు రికార్డులో పడకూడదని ఊపిరి కూడా మెల్లగా తీసేవాడు. పదాలన్నీ వచ్చు. నోట్లోంచి ఎప్పుడూ బయటికి రాలేదు.

"నాకు చేతకాదయ్యా."

తొడ మీద తాళం ఆగలేదు.

ఓబులేసు చిరతలు కదిలించాడు. ఒకటి ముందు మోగింది, ఒకటి వెనక మోగింది. గొంతు సవరించుకున్నాడు. తెగిన చోటునుంచే ఎత్తుకున్నాడు.

*కాళ్ళ కింద దారి ఉండగ, కండ్లతో ఏమెతికేవురా...*

గొంతు పెళుసుగా ఉంది, తాళం ఒక పక్కకు పోతోంది, తానొక పక్కకు పోతున్నాడు. ఈరమ్మ నవ్వలేదు. గడపలోనే కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గురువు వేలితో మోకాలి మీద కొట్టాడు, ఇక్కడ పడాలి దెబ్బ అన్నట్టు. ఓబులేసు మళ్ళీ అన్నాడు. ఈసారి దెబ్బ కొంచెం దగ్గరగా పడింది. మౌలాలయ్య పెదవులు అతనితో పాటే కదులుతున్నాయి, చప్పుడు లేకుండా. ఇన్నేళ్ళూ మైకు మీదే ఉన్న ఓబులేసు కళ్ళు ఆ పెదవుల మీద నిలిచాయి. ఏ మాట దగ్గర ఊపిరి తీయాలో అక్కడ కనిపించింది.

రెండో చరణంలో ఉండగా ల్యాప్‌టాప్ తెర ఆరిపోయింది.

కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర దానంతట అదే ఆరిపోతుంది. ప్రాణం పోయినా అలాగే ఆరిపోతుంది. టిక్కు టిక్కు వినిపిస్తే తెలిసేది. చిరతల మోతలో అది వినిపించదు.

ఓబులేసు చూశాడు. చేతులు ఆగబోయాయి. చిరతలు కింద పెట్టి ఒక్క వేలు తగిలిస్తే తెలిసిపోతుంది. దెబ్బ తప్పింది, మాట తప్పింది, పాట తెగింది.

మౌలాలయ్య ముందుకు వంగి అతని చెవి దగ్గర నోరు పెట్టాడు. గాలిలోంచి ఒక్క మాట వచ్చింది.

"ఇంకోతూరి."