ముందు చక్రానికి సున్నం

పన్నెండు రోజుల్లో హిమజ మూడుసార్లు పడింది. మూడుసార్లూ ఒకే మలుపులో, ఒకే తీరులో. ముందు చక్రం పక్కకు జారిపోతుంది, హ్యాండిల్ మడత పడుతుంది, ఎడమ మోచెయ్యి వెళ్లి నేలకు కొట్టుకుంటుంది.

గద్దలకొండ మీంచి సైకిళ్లు దిగే బాటలో ఆ ఎడమ మలుపే చివరిది. ఆదివారం రాష్ట్ర జట్టు ఎంపిక అదే బాట మీద. ఏడు నిమిషాల్లోపు దిగినవాళ్లకే చోటు. ఆ మలుపులో నెమ్మదిస్తే ఏడు నిమిషాలు చాలవు. నెమ్మదించకపోతే పడుతుంది. నిరుడు అక్కడే పడి చోటు పోగొట్టుకుంది. అది ఇరవై మూడేళ్లలోపు వాళ్ల జట్టు. వచ్చే ఏడు ఆమె వయసు దాటిపోతుంది.

శుక్రవారం పొద్దున్నే మూడు టైర్లు భుజానికి తగిలించుకుని, సైకిల్ నెట్టుకుంటూ కొండ కింద ఉన్న సైకిల్ షాపుకు వచ్చింది.

షాపు మౌలాలప్పది. డెబ్బై దాటిన దూదేకుల ఆయన. ఊరికి ఆయన మౌలాలప్ప, పని నేర్చుకున్నవాళ్లకు ఉస్తాద్. రెండేళ్ల కిందట వంకరపోయిన చక్రం సరిచేయించుకోవడానికి వచ్చిన హిమజ, ఆ పని తనకూ నేర్పమని అక్కడే కూర్చుండిపోయింది. అప్పటినుంచీ ఆయన్ని అడగకుండా సైకిల్‌కు ఒక్క బోల్టు కూడా బిగించదు. అడగడమంటే, తను చదివిందంతా చెప్పి, అవునా కాదా అనడం.

"ముందు టైరు మార్చాల, ఉస్తాద్."

"మార్చు."

"ఏది వెయ్యాలో నువ్వు చెప్పు."

మూడింటినీ నేల మీద వరసగా పరిచింది. మొదటిది తనది. నేలను పట్టుకునే చిన్న చిన్న రబ్బరు ముళ్లు, దగ్గర దగ్గరగా. తేలిగ్గా దొర్లుతుంది. రెండోదానికి ముళ్లు పొడుగు, ఎడం ఎక్కువ. వదులు మట్టిలో దిగబడుతుంది. మూడోది అన్నిటికన్నా వెడల్పు. గోరు నొక్కితే దిగేంత మెత్తటి రబ్బరు, రెండు అంచుల్లోనూ బలమైన ముళ్ల వరస. మలుపులో సైకిల్ ఒరిగినప్పుడు నేలను పట్టుకోవాల్సింది ఆ అంచులే. చివరి రెండూ పోటీకి వచ్చిన స్నేహితులను అడిగి తెచ్చింది.

"వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు. ముందుది జారితే ఇంక నేలే. అందుకే వెనకది దొర్లాల, ముందుది పట్టుకోవాల. ఇది అందరూ ఒప్పుకున్న మాట. కానీ పట్టుకునే టైరు ఎవరి దగ్గర ఉంది? కొనగలిగినోళ్ల దగ్గర! కొండ ప్రజలది అంటారు. దాన్ని దిగే సాధనాలు మాత్రం కొందరివి. నా చక్రం జారడం ఉత్త జారడం కాదు, ఉస్తాద్. అది వర్గ సమస్య."

బల్ల మీద రెడ్డెప్ప కూర్చుని ఉన్నాడు. టౌనులో పాలు పోసి, ఖాళీ క్యాన్లతో ఇంటికి పోతూ పంచరుకు ఆగాడు.

"నా పంచరు కూడా వర్గ సమస్యేనా పాపా?"

"అవును మామా. మీ ఊరికి రోడ్డు ఎందుకు వెయ్యలేదో అడిగినావా ఎప్పుడన్నా?"

"అడుగుతాలే. ముందు ఇంటికి పోనీ. ఆవు ఎదురు చూస్తా ఉంటాది. దానికి ఈ సంగతులు తెలీవు."

హిమజకు నవ్వు రాలేదు. ఆమె అన్నదాంట్లో అబద్ధమూ లేదు. కొండకు టికెట్ లేదు గానీ, కొండ దిగడానికి కావలసినవన్నీ అద్దాల కొట్లలో ఉన్నాయి.

మౌలాలప్ప ట్యూబుకు అతుకు వేస్తూ అడిగాడు. "జారే ముందర ఏమవుతాది?"

"ఏమీ కాదు. జారుతుంది."

"అంతేనా?"

"అంతే. పట్టు లేదు."

ఆయన అతుకును బొటనవేలితో నొక్కి చూశాడు. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లి, గోడకు కొట్టగా మిగిలిన సున్నం ముంతా కుంచే తీసుకొచ్చాడు. హిమజ సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, ముందు టైరుకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒక్క ముల్లు కూడా వదలకుండా సున్నం పూశాడు.

"టైరుకు పెండ్లా మౌలాలా?" అన్నాడు రెడ్డెప్ప.

"ఇది దేనికి ఉస్తాద్?" అంది హిమజ.

"ఆరనీ."

ఆరింది. "పైకి నెట్టుకోని పో. మలుపుకు వంద అడుగుల పైన సైకిల్ ఎక్కి, మలుపు తిరిగి కిందికి రా."

ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. ఏ ముల్లు మట్టిలో ఎంత దిగుతుందో కొలుస్తున్నాడేమో అనుకుంది. ఆ ఆలోచన ఆమెకు నచ్చింది. హుషారుగా నెట్టుకుంటూ వెళ్లింది.

షాపు ముందు నుంచి ఆ మలుపు కనిపిస్తుంది. బ్రేకు కీచుమంది, రాళ్లు దొర్లాయి, హిమజ తిరిగి కిందికి వచ్చింది. టైరు నడిమధ్య సున్నం పోయి నల్లగా ఉంది. రెండు పక్కలా అంచులు తెల్లగా అట్లాగే ఉన్నాయి.

"చూసినావా? దీనికి అంచులు లేనట్టే. నేను చెప్పలా?"

"రెండోది వెయ్యి," అన్నాడు ఉస్తాద్.

టైరు మార్చింది. ఆయన సున్నం పూశాడు. ఆరింది. వెళ్లింది. బ్రేకు కీచుమంది. వచ్చింది. మధ్యలో నలుపు, అంచుల్లో తెలుపు.

"ముళ్లు మరీ ఎడంగా ఉన్నాయి," అంది. ఈసారి గొంతు కాస్త తగ్గింది.

రెడ్డెప్ప పంచరు పని ఎప్పుడో అయిపోయింది. రెడ్డెప్ప లేవలేదు.

మూడో టైరుకు ఆమే సున్నం పూసింది. అంచుల్లో ఇంకాస్త దట్టంగా పూసింది. అందరూ పొగిడేది ఆ అంచుల కోసమే. పైకి వెళ్లి, ముందటి రెండుసార్ల కన్నా వేగంగా దిగింది. మలుపులో ముందు చక్రం సర్రున జారింది. కాలు నేలకు ఆనించి ఎట్లాగో నిలదొక్కుకుంది.

కిందికి వచ్చి సైకిల్ దిగి, చక్రం ముందు గొంతుకూర్చుంది. మధ్యలో నలుపు. రెండు అంచులూ ఇప్పుడే పూసినట్టు తెల్లగా ఉన్నాయి.

చాలాసేపు చూసింది. ఎవరి గురించీ ఏమీ అనలేదు.

"మలుపులో నువ్వెట్ల కూచుంటావో అట్ల కూచో," అన్నాడు మౌలాలప్ప. "రెడ్డెప్పా, సీటు పట్టుకో. పడకుండా చూడు."

ఆమె ఎక్కింది. చేతులు బారజాపి, నడుము సీటు దాటి వెనక్కి జరిపింది. మొరిగే కుక్క పక్కనుంచి పోయేవాళ్లు ఒళ్లు దూరంగా లాక్కున్నట్టుగా ఉంది ఆ వాలకం. నిరుడు ఇక్కడ పడకముందు అట్లా కూర్చునేది కాదు. ఆ సంగతి ఇప్పుడే గుర్తొచ్చింది.

ముసలాయన వంగి, ముందు చక్రం కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తాడు.

చక్రం లేచింది. ఖాళీ క్యాను లేచినట్టు లేచింది.

"దీని మీద ఎవురూ లేరు కదమ్మా," అన్నాడు.

దించాడు. వెళ్లి తన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

హిమజ సైకిల్ దిగలేదు. హ్యాండిల్ పట్టుకున్న తన చేతుల వంక చూసుకుంది.

"ఈ మూడిట్లో ఏది మంచిది ఉస్తాద్?"

"మూడోది. నువ్వు పరిచినప్పుడే మూడోది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా!"

"చెప్పింటే వేసుకోని పోయింటావు."

ఆమె మోచేతి కట్టు విప్పి, మళ్లీ బిగించుకుంది.

"బరువు దాని మీద పడేట్టు ముందుకు వాలితే, జారినప్పుడు నేరుగా మొహమే కదా తగిలేది?"

"తగలొచ్చు."

"ఆదివారం పడితే?"

"ఆదివారం సంగతి నాకేం తెలుసు మే. ఈరోజు శుక్రవారం."

హిమజ సైకిల్ తిప్పుకుని పైకి నెట్టుకుంటూ వెళ్లింది. సున్నం ముంత ముట్టలేదు. మలుపు దాటి కనుమరుగైంది. ఈసారి వంద అడుగుల దగ్గర ఆగినట్టు లేదు, ఎంతకీ రాలేదు. రెడ్డెప్ప రోడ్డు దాకా నడిచి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. మౌలాలప్ప కొండకు వీపు పెట్టి, ఎవరిదో చెయినుకు నూనె వేస్తున్నాడు.

పైనుంచి టైర్ల గరగర మొదలైంది. దగ్గరైంది. బ్రేకు కీచుమనాల్సిన చోట కీచుమనలేదు. నూనె వేస్తున్న చెయ్యి ఆగింది.

రాళ్లు చిమ్మిన చప్పుడు. తర్వాత అదే గరగర, ఇంకా వేగంగా.

"వచ్చె! వచ్చె!" అని రెడ్డెప్ప రోడ్డు మీద అరిచాడు.

హిమజ షాపు దాటిపోయి, అవతల తుమ్మచెట్టు దగ్గర ఆపుకుని, వెనక్కి తిరిగి వచ్చింది. ఒళ్లంతా దుమ్ము. పెదవి కొరుక్కున్నట్టుంది, రక్తం ఉంది. సైకిల్‌ను ఆయన ముందు నిలబెట్టింది.

టైరు ఎడమ అంచు పొడుగూతా నల్లగా ఉంది. ముళ్ల సందుల్లో ఎర్రమట్టి కూరుకుపోయి ఉంది.

రెడ్డెప్ప చప్పట్లు కొట్టాడు. "ఇంగ జట్టులో ఉన్నట్టే!"

మౌలాలప్ప ఎడమ అంచు చూశాడు. చక్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. తర్వాత వేలు తీసి కుడి అంచు మీద పెట్టాడు. అది తెల్లగా ఉంది.

"కుడి మలుపు యాడుంది పాపా?"

"కొండ పైన."

ఆయన మళ్లీ నూనె డబ్బా అందుకున్నాడు. హిమజ సైకిల్‌ను కొండ వైపు తిప్పింది.