ఎనిమిదో సర్టిఫికెట్

తిరుపాలుకి అప్పటికే ఏడు సర్టిఫికెట్లున్నాయి. ఎనిమిదోది ఏది రాయాలో అడగడానికి ఆదివారం మధ్యాహ్నం దస్తగిరి సార్ దగ్గరికి పరుగెత్తాడు. చదువు మీద మమకారం ఎక్కువై కాదులెండి, భయం ఎక్కువై.

ఆ భయానికి తారీఖూ వేళా కూడా ఉన్నాయి. వచ్చే శనివారం, పొద్దున ఆరు గంటలు. ఆ వేళకి ఒక జిల్లా ఆస్పత్రిలో బ్లడ్ బ్యాంకు వివరాలన్నీ పాత కంప్యూటర్లోంచి తీసి కొత్తచోటికి మార్చాలి. ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుంది, ఏది పరీక్ష చేసి పెట్టారు, ఏది ఎవరికోసం పక్కన పెట్టారు, సమస్తం అందులోనే ఉంది. పదిగంటలకల్లా అంతా ఎప్పటిలా నడవాలి. ఆ పని తిరుపాలు ఉద్యోగం చేసే కంపెనీ ఒప్పుకుంది. కంపెనీ తిరుపాలు నెత్తిన పెట్టింది.

ఎందుకంటే వాళ్ళ ఆఫీసులో ఒక పట్టిక ఉంది. ఎవరికి ఏ సర్టిఫికెట్ ఉంటే ఆ గడిలో పచ్చరంగు పడుతుంది. 'డేటాబేస్ మైగ్రేషన్' అనే గడిలో ఇరవైమందికీ కలిపి ఒక్క తిరుపాలు పేరు ఎదురుగానే పచ్చరంగు ఉంది. టీము చూసే వినోదిని మేడమ్ పట్టిక తెరిచి చూసి, "నువ్వున్నావుగా తిరుపాలూ, ఇంకేం!" అంది. లేను అనడానికి అతనికి నోరు రాలేదు.

ఆ పచ్చరంగు ఎలా వచ్చిందో అతనొక్కడికే తెలుసు. కిందటేడు సగం టీముని తీసేస్తారని పుకారు లేచింది. బెదిరిపోయి ఆరునెలల్లో నాలుగు పరీక్షలు రాసిపడేశాడు. అన్నీ డంప్స్ చదివి రాసినవే. డంప్స్ అంటే, ముందు రాసినవాళ్ళు గుర్తుపెట్టుకొచ్చి బయటపెట్టిన ప్రశ్నలూ జవాబులూ. ప్రశ్నలో మొదటి మాట కనబడితే చాలు, వేలు దానంతటదే 'బి' మీదికి వెళ్ళేది. తొంభైరెండు శాతం వచ్చింది. పుకారు చల్లారింది, ఉద్యోగం నిలిచింది. కానీ ఆనాటినుంచీ, ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా చేసి చూపించమంటారేమోనని లోపల బిక్కుబిక్కుమంటూనే ఉన్నాడు. ఇప్పుడు అడగనే అడిగారు.

వారంరోజులుగా ముద్ద దిగడం లేదు.  ఎక్కడో ఒక వరస అటుదిటై, బి పాజిటివ్ సంచి ఓ నెగటివ్ అని పడితే? ఆ సంచి ఎవరికో ఎక్కిస్తే? ఆ ఊహ వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేచి నిలబడతాడు. నిలబడి ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చుంటాడు.

అలా లేచీ కూర్చునీ చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు. ఈ వారంలో ఇంకో పెద్ద సర్టిఫికెట్ కొడితే ధైర్యం వస్తుందని. సర్టిఫికెట్ తెచ్చిన భయానికి మందు ఇంకో సర్టిఫికెట్! ఈ రంగంలో వాళ్ళకి తప్ప ఇంకెవరికీ తట్టని ఆలోచన ఇది.

దస్తగిరి సార్‌ది కర్నూలు వైపు. ఇరవైరెండేళ్ళు ఒక పాల డెయిరీలో కంప్యూటర్లు చూసుకుని, రిటైరై, ఎస్.ఆర్.నగర్‌లో టైలరు కొట్టు పైనున్న గదిలో పిల్లలకి పాఠాలు చెబుతున్నాడు. గుమ్మానికి బోర్డు లేదు. గోడమీద ర్యాంకుల ఫోటోలు లేవు. ఆయన దగ్గర ఒక్కటే కట్టుబాటు. కీబోర్డు ముట్టుకునే ముందు ఏం చెయ్యబోతున్నావో బయటికి చెప్పాలి. చెప్పలేకపోతే చేతులు ఒళ్ళోనే ఉండాలి. తొమ్మిదేళ్ళ కిందట తిరుపాలు నాలుగు నెలలు ఆ గదిలో కూర్చున్నాడు. ఇక్కడ పాఠం నత్తనడక నడుస్తోందని మధ్యలోనే జారుకున్నాడు.

"ఏమప్పా తిరుపాలూ, మొగం అట్లుండాదేం? జొరమా?" అన్నాడు సార్, అతన్ని చూడగానే.

"జొరం కాదు సార్." తిరుపాలు సంచిలోంచి ఏడు సర్టిఫికెట్లూ తీసి బల్లమీద పరిచాడు. వాటి పక్కన నాలుగు పరీక్షల సిలబస్ ప్రింట్లు పెట్టాడు. క్లౌడ్, సెక్యూరిటీ, ఏఐ, అడుగున బ్యాకప్-రికవరీ. "వీటిల్లో ఏది రాయాల సార్? ఏది రాస్తే ధైర్యంగా ఉంటాది?"

తర్వాత ఆస్పత్రి సంగతి చెప్పాడు. శనివారం సంగతి చెప్పాడు. డంప్స్ మాట కూడా దాచలేదు. సార్ తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

సార్ తిట్టలేదు. సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ తీసి చూసి, డేటాబేస్‌ది మాత్రం చేతిలో ఉంచుకున్నాడు. "అచ్చు బాగుండాది," అన్నాడు.

తిరుపాలు తల వంచుకున్నాడు.

సార్ లేచి మూలనున్న పాత కంప్యూటర్ తెర వెలిగించాడు. "పదకొండేండ్లుగా ఈడ చదివిన పిల్లోళ్ళ పనంతా దీంట్లోనే ఉండాది. నేను రాసిన పాఠాలు గూడా. ఈ మిషన్ ఇంగ ఎక్కువ దినాలు రాదు. అదో, ఆ కొత్త దాంట్లోకి మార్చు. పాస్‌వర్డు ఈ చీటీలో ఉండాది. నేను అసర్ నమాజుకు పోయొస్తా."

"ఇప్పుడే సార్? కాపీ ఉందా సార్ దీనికి?"

"ఉండాది. యాడాదిగా దాన్నెవరూ తెరిచి చూడలే." టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

గదిలో తిరుపాలు ఒక్కడే మిగిలాడు. కింద టైలరు మిషన్ గడగడమంటోంది. తెరమీద కర్సర్ కొట్టుకుంటోంది, అతని గుండెకంటే నెమ్మదిగానే.

పాస్‌వర్డు కొట్టాడు. ఫోల్డర్ల పేర్లు వరసగా వచ్చాయి. శైలజ, ఓబులేసు, మస్తాన్‌వలి, ఇంకా ఎందరో. కొన్ని పేర్లు అతనికి తెలుసు. ఓబులేసు అతని పక్కనే కూర్చునేవాడు. ఇక్కడ నేర్చుకున్నదాన్ని పట్టుకునే ఇప్పుడేదో ఊళ్ళో కరెంటాఫీసులో పనిచేస్తున్నాడు.

మైగ్రేషన్‌కు ముందు చేయవలసిన మొదటి పని ఏది? ప్రశ్న గుర్తుంది. జవాబు బి, బ్యాకప్ తీసుకొనుట. బ్యాకప్ ఉంది. కానీ అది తెరుచుకుంటుందా? ఆ ప్రశ్న డంప్స్‌లో ఎక్కడా లేదు. తెరుచుకోకపోతే ఏమిటి? సి లేదు, డి లేదు.

కాపీ చేసే కమాండ్ సగం టైపు చేశాడు. ఎంటర్ మీద వేలు పెట్టాడు.  చెరిపేశాడు. మళ్ళీ టైపు చేశాడు. మళ్ళీ చెరిపేశాడు. అరచేతుల చెమటకి కీబోర్డు జిగురుజిగురుగా అయింది. ఇది పోతే పదకొండేళ్ళు పోతాయి. సార్ ఏమీ అనడు. అదే ఇంకా భయం. ఇక్కడే చెయ్యలేనివాడు శనివారం అక్కడేం చేస్తాడు?

నలభై నిమిషాలు అలాగే గడిచాయి. చివరికి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

సార్ మెట్లెక్కి వచ్చి, టోపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయిందా?"

"లేదు సార్."

"ఏం?"

"భయమేసింది సార్."

"దేనికి?"

"అన్నిటికీ."

"అన్నీ అంటే నాకేం తెలుస్తాదప్పా? ఒగొగటే చెప్పు." సార్ ఎదురుగా కూర్చుని, చేతికందిన కాగితం తిరగేసి, పెన్ను మూత తీశాడు.

 తిరుపాలు మెల్లగా మొదలుపెట్టాడు. "ఆ కాపీ తెరుచుకుంటాదో లేదో తెలీదు సార్. తెరుచుకున్నా, అది మొత్తమో సగమో తెలీదు."

సార్ రాశాడు.

"నేను మారుస్తా ఉంటే ఎవరన్నా ఇంటినుంచి దీంట్లోకొచ్చి ఏదన్నా రాస్తే, అది పాతదాంట్లో ఉండిపోతాది. ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో నాకు తెలీదు."

సార్ రాస్తూనే ఉన్నాడు.

"సగంలో ఆగిపోతే వెనక్కి ఎట్ల రావాలో తెలీదు. అదే సార్ అన్నిటికంటే... వెనక్కి రావడం నేనెప్పుడూ చెయ్యలేదు. ఒక్కసారి గూడా."  "అంతా వచ్చిందని తెరమీద పడతాది. నిజంగా అంతా వచ్చిందని నేనెట్ల నమ్మేది? పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఎట్ల సరిచూసేది? ఏమన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాల్నో గూడా తెలీదు సార్."

ఇంకేమైనా ఉన్నాయా అన్నట్టు సార్ చూశాడు. తిరుపాలు అడ్డంగా తలూపాడు.

సార్ కాగితం అతని చేతికిచ్చాడు. "ఇదీ నీ సిలబస్."

తిరుపాలు చదువుకున్నాడు. ఆయన తనమాట ఒక్కటీ కలపలేదు. అన్నీ అతని నోట వచ్చినవే. కాగితం తిప్పి చూస్తే అవతలివైపు అతని పేరూ, బంగారురంగు ముద్రా, తొంభైరెండు శాతమూ ఉన్నాయి. మొహం మీద ఎవరో నీళ్ళు చల్లినట్టయింది.

"ఇంగ ఆ నాలుగు ప్రింట్లూ చూడు. ఇవి దేంట్లో ఉండాయో."

తిరుపాలు వెతికాడు. క్లౌడ్‌లో ఒకటి తగిలింది, అదీ పైపైన. సెక్యూరిటీలో ఎవరికి చెప్పాలన్నది ఉంది. ఏఐ కాగితాల్లో ఒక్కటీ లేదు. బ్యాకప్-రికవరీలో మాత్రం దాదాపు అన్నీ ఉన్నాయి. నలుగురికి చెప్పుకునేందుకు గొప్ప పేరు కాదని దాన్ని అన్నిటికీ అడుగున పెట్టింది తనే. సగం మార్కులు చేసి చూపించడానికే అని కూడా రాసి ఉంది. డంప్స్ దొరకవని కిందటేడు వదిలేసిన పరీక్ష అది.

"ఇది రాస్తా సార్," అన్నాడు. వెంటనే ఫోనులో పరీక్ష తారీఖులు చూశాడు. మొదటి ఖాళీ ఇరవై రెండు రోజుల తర్వాత. "కానీ సార్... శనివారం?"

సార్ లేచి కిటికీ తలుపు ఓరగా వేశాడు. వెలుతురు తెరమీద పడకుండా. 

తిరుపాలు మళ్ళీ ఫోను తీశాడు. వినోదిని మేడమ్ పేరు దగ్గర వేలు ఆగింది. ఇందాక ఎంటర్ మీద ఆగినట్టే. ఈసారి మాత్రం నొక్కాడు.

"చెప్పు తిరుపాలూ, ఆదివారంపూట ఏంటి?"

"మేడమ్, శనివారం పని నేను చెయ్యలేను. అంటే... ఇంతకుముందెప్పుడూ చెయ్యలేదు. పట్టికలో ఉన్న ఆ సర్టిఫికెట్, డంప్స్ చదివి తెచ్చుకున్నాను. మిగతా మూడు కూడా అంతే."

 కింద టైలరు మిషన్ అప్పుడే ఆగింది.

"ఇప్పుడా చెప్పేది?" అంది మేడమ్. గొంతులో కోపంకంటే బెదురే ఎక్కువ వినిపించింది.

"అవును మేడమ్. తప్పే. కానీ ఎవరు చేసినా ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడాలి మేడమ్. ఆస్పత్రివాళ్ళ కాపీ తెరుచుకుంటుందో లేదో ఎవరూ చూడలేదు. ఇంకో నాలుగున్నాయి, రాసి పెట్టాను." కాగితంమీదివి చదివి వినిపించాడు. ఒక్కటీ వదల్లేదు.

 "శనివారం ఆపేస్తున్నా. ఆస్పత్రివాళ్ళకి నేను చెప్పుకుంటా," అంది మేడమ్. "నీ సంగతి రేపు పొద్దున మాట్లాడదాం. ఆ రాసినవి తీసుకురా." ఫోను పెట్టేసింది.

నీ సంగతి అన్న మాట చెవిలో ఉండిపోయింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఊడినా అనేందుకేమీ లేదు. రక్తం సంచులు మాత్రం శనివారం వాటి చోట్లలోనే ఉంటాయి. ఆ ఒక్కటీ తలుచుకుంటే ఊపిరి కొంచెం లోపలికి వెళ్ళింది.

తిరుపాలు పాత మిషన్ ముందు కూర్చున్నాడు. చేతులు ఒళ్ళోనే ఉంచుకుని, బయటికి చెప్పాడు. "ముందు కాపీ తెరుస్తాను సార్. ఈ మిషన్‌లో కాదు, వేరే దాంట్లో. తెరిచి, ఎంతమంది పేర్లున్నాయో లెక్కపెడతాను. ఈ మిషన్‌లోని పేర్లతో సరిచూస్తాను. అంతవరకూ దీంట్లో ఏమీ ముట్టుకోను."

"చెయ్యి," అన్నాడు సార్.

తిరుపాలు చేతులు కీబోర్డు మీద పెట్టాడు. 

"సార్, భయం పోలేదు."

దస్తగిరి సార్ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాడు.

"అది పోయిన దినం చెప్పు," అన్నాడు. "ఆ దినం నిన్ను మిషన్ ముట్టనీను."